ధనంబోడు, బొజ్జన్నకొండ, ఒజ్జ, విన్నాణం: ఈ మాటల పుట్టుక ఎక్కడ?

రేవుగట్టు:

అందరికీ నమస్కారం. కృష్ణ ఒడ్డున ఉన్న పాత బౌద్ధ స్థలాలకు ఊరి జనం పెట్టుకున్న పేర్లను కొంతకాలంగా పోగేస్తున్నాను. పుస్తకాల్లో మహాచైత్యం, స్తూపం, విహారం అని రాస్తారు, కానీ ఆ ఊళ్ళలో పెద్దవాళ్ళ నోట ఆ మాటలు రావు. అమరావతి స్తూపం మట్టిలో కప్పబడిపోయి ఉన్న రోజుల్లో దాన్ని దీపాలదిన్నె అనేవారు. జగ్గయ్యపేట స్తూపం ఉన్న గుట్ట ధనంబోడు. భట్టిప్రోలులో విక్రమార్కకోట దిబ్బ అంటారు, పక్కనే లంజదిబ్బ అన్న పేరు కూడా ఉంది, అదే పేరు గుడివాడలో కూడా వినపడుతుంది. ఇవన్నీ బుద్ధుడి పేరు పూర్తిగా మరిచిపోయాక పుట్టిన పేర్లేనా, లేక వీటిలో ఎక్కడైనా పాత మాట ముక్క మిగిలి ఉందా అన్నది నా మొదటి ప్రశ్న.

రెండోది మామూలు తెలుగు మాటల గురించి. ఒజ్జ (గురువు), విన్నాణం (నేర్పు), నిబ్బరం, బత్తెం లాంటివన్నీ పాళీ (పాత బౌద్ధ గ్రంథాల భాష) నుంచి వచ్చాయని, అంటే బౌద్ధం నుంచి వచ్చాయని ఈ మధ్య వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. పల్లి అని ఉన్న ప్రతి ఊరూ ఒకప్పుడు బౌద్ధ పల్లి అట, బోడి అని ఉంటే అది బోధి అట, కాపు అన్న మాట గహపతి (గృహస్థు) నుంచి వచ్చిందట. వినడానికి బాగుంటుంది కానీ ఆధారం అడిగితే ఎవరూ చెప్పరు. ఈ విషయం మీద నాకు చాలా ఇష్టం, అందుకే తేలిగ్గా నమ్మెయ్యడం కూడా ఇష్టం లేదు. శాసనాలు చదివినవాళ్ళు, ప్రాకృతం (సంస్కృతం పక్కన జనం నోట నడిచిన పాత భాష) వచ్చినవాళ్ళు, ముఖ్యంగా ఆయా ప్రాంతాల యాస తెలిసినవాళ్ళు ఏం చెప్పినా వింటాను. మీ ఊరి దిబ్బను మీ ఊళ్ళో ఏమంటారో చెప్పినా చాలు.

గెడ్డదారి:

మాది అనకాపల్లి వైపు. మా దగ్గర శంకరం అనే ఊరు ఉంది, దాని పక్కనే రెండు కొండలు, ఒకటి బొజ్జన్నకొండ, రెండోది లింగాలమెట్ట. రెండూ బౌద్ధానివే. 1907 ప్రాంతంలో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వించాడు. ఊరి పేరు శంకరం అంటే శివుడి పేరనే అనుకుంటారు, కానీ అది సంఘారామం (భిక్షువులు ఉండే మఠం) అన్న మాట అరిగి అరిగి మిగిలిన రూపం అని చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు, నాకూ అదే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఉన్నది నిజంగానే పెద్ద సంఘారామం, పేరూ స్థలమూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి.

లింగాలమెట్ట సంగతి ఇంకా బాగుంటుంది. కొండ రాతినే చెక్కి వరసలు వరసలుగా చిన్న చిన్న స్తూపాలు చేశారు, మొక్కు స్తూపాలు. బౌద్ధం పోయాక ఆ గుండ్రటి తలలు చూసినవాళ్ళకి అవి లింగాలుగా కనపడ్డాయి, అంతే. ఏలూరు వైపు గుంటుపల్లి గుహలో ఉన్న స్తూపాన్ని కూడా ధర్మలింగేశ్వరుడు అని కొలుస్తారు. అందులో "ధర్మ" అన్న ముక్క ఎలా వచ్చి చేరిందో ఎవరైనా ఆలోచించాలి, నా మటుకు నాకు అది ఊరికే పెట్టిన మాట అనిపించదు.

మెట్ట అంటే గోదావరి జిల్లాల్లో నీటి వసతి లేని పొలం అనే అర్థం తీసుకుంటారు, మా ఉత్తరాంధ్రలో మెట్ట అంటే చిన్న కొండ. ఇది తెలియక బయటివాళ్ళు లింగాలమెట్టను పొలం పేరు అనుకుంటారు.

విశాఖ చుట్టూ ఉన్న పేర్లలో బుద్ధుడూ లేడు, దేవుడూ లేడు, కంటికి కనపడిందే పేరయింది. బావికొండ అంటే బావులున్న కొండ, తొట్లకొండ అంటే రాతిలో తొలిచిన నీటి తొట్లున్న కొండ, భీమిలి దగ్గర పావురాలకొండ. ఆ బావులూ తొట్లూ వాన నీరు పట్టుకోవడానికి భిక్షువులు చేసుకున్న ఏర్పాటే. అంటే మనుషులు పోయినా వాళ్ళు కట్టుకున్న నీటి వసతి పేరులో ఉండిపోయింది. అచ్యుతాపురం వైపు కొత్తూరులో ధనదిబ్బలు ఉన్నాయి, అదీ బౌద్ధ స్థలమే. మీ ధనంబోడు, మా ధనదిబ్బలు ఒకే ఆలోచన నుంచి పుట్టినవని నాకు అనిపిస్తోంది.

ఇంక బొజ్జన్న అంటే బుద్ధన్న అని అందరూ రాస్తారు. కనుమ నాడు అక్కడ తీర్థం (జాతర) జరుగుతుంది, బొజ్జ ఆకారంలో ఉన్న దాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు విసిరే ఆచారం కూడా ఒకప్పుడు ఉండేది, తర్వాత ఆపించారు. బుద్ధుడి కొండ మీద బుద్ధుడి పేరు తెలియకుండా రాళ్ళు వేయడం అన్నది తలుచుకుంటే బాధగా ఉంటుంది. భాష తెలిసినవాళ్ళు చెప్పాలి, బుద్ధ అన్నది బొజ్జ అవుతుందా?

ప్రాకృత పాఠకుడు:

గెడ్డదారి గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే రేవుగట్టు గారి జాబితా మొత్తానికి అందులోనే తాళంచెవి ఉంది. సంస్కృతం నుంచి ప్రాకృతానికి మాట మారేటప్పుడు ఇష్టం వచ్చినట్టు మారదు, ఒక పద్ధతి ఉంటుంది. "ధ్య" ఉంటే "జ్ఝ" అవుతుంది: మధ్య అన్నది మజ్ఝ, ఉపాధ్యాయ అన్నది పాళీలో ఉపజ్ఝాయ, మిగతా ప్రాకృతాల్లో ఉవజ్ఝాయ. కానీ బుద్ధ అన్నదాంట్లో "ద్ధ" ప్రాకృతంలోనూ "ద్ధ"గానే నిలుస్తుంది, అందుకే పాళీలోనూ బుద్ధ అనే అంటారు. కాబట్టి బుద్ధన్న అన్న మాట తనంతట తాను బొజ్జన్న కాదు. బొజ్జ ఉన్న ఆకారాన్ని చూసి జనం బొజ్జన్న అని ఉండాలి, లేదా అర్థం తెలియని బుద్ధన్నను తమకు తెలిసిన బొజ్జతో కలిపి పలికి ఉండాలి. రెండోది జరిగి ఉంటే అది ధ్వని మార్పు కాదు, జనం చేసుకున్న సర్దుబాటు. ఊరిపేర్లలో ఇలాంటివి చాలా జరుగుతాయి. శ్రీకాకుళం జిల్లా సాలిహుండాన్ని శాలిపేటిక అనీ శల్యపేటిక అనీ విడదీసి చెబుతుంటారు, శల్యం అంటే ఎముక కనుక ధాతువుల (బుద్ధుడి అవశేషాల) పెట్టె అని అర్థం లాగుతారు. అర్థం చక్కగా కుదిరింది, పేటిక అన్నది హుండం ఎలా అయిందో మాత్రం ఆ వివరణలో లేదు. అర్థం కుదిరినంత మాత్రాన వ్యుత్పత్తి కుదిరినట్టు కాదు.

ఒజ్జ మాత్రం గట్టి మాట. ఉపాధ్యాయ, ఉవజ్ఝాయ, ఓజ్ఝ, ఒజ్జ. ప్రతి మెట్టూ పద్ధతిగా ఉంది. బౌద్ధ సంఘంలో ఉపజ్ఝాయ అంటే ఊరికే పాఠం చెప్పేవాడు కాదు, కొత్తగా వచ్చినవాడికి ఉపసంపద (భిక్షువుగా పూర్తి దీక్ష) ఇప్పించి, ఆ తర్వాత వాడి బాగోగులు చూసే పెద్ద భిక్షువు. పాఠం చెప్పేవాడికి ఆచరియ అన్న మాట వేరుగా ఉంది. అమరావతిలో విధికుడు అనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన ఫలకం ఒకటి దానం చేశాడు, శాసనంలో తన తండ్రి పేరు "నాగ ఉపఝాయ" అని రాయించుకున్నాడు. దానం చేసిన వస్తువు పేరు "పుణఘడక పటో". తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, చుట్టాలూ స్నేహితులతో కలిసి ఇస్తున్న దానం అని కూడా అందులోనే ఉంది. తోలు పని చేసే కుటుంబంలో ఉపాధ్యాయుడు అనిపించుకున్న తండ్రి, ఆ పేరును గర్వంగా రాతి మీద చెక్కించుకున్న కొడుకు. నాకు ఆ శాసనం చదివినప్పుడల్లా ఒజ్జ అన్న మాట మీద గౌరవం పెరుగుతుంది. పాత తెలుగులో పిల్లలు చూసి రాసుకునేందుకు గురువు రాసిచ్చే పై వరసను ఒజ్జబంతి అనేవారు, అంటే మాట బడిలో చాలాకాలం బతికింది.

అయితే ఒక హెచ్చరిక. ఒజ్జ ప్రాకృతం నుంచి వచ్చింది అన్నది నిజం, బౌద్ధం నుంచే వచ్చింది అనడానికి అది చాలదు. శాతవాహనుల కాలంలో ప్రాకృతం రాజుల భాష, వర్తకుల భాష, జైనుల భాష కూడా. బ్రాహ్మణులకు ఇచ్చిన దానాలు కూడా అప్పట్లో ప్రాకృతంలోనే రాశారు. వాట్సాప్ వాళ్ళు తప్పు చేసేది ఇక్కడే, పాళీలో కనపడ్డ ప్రతి మాటనూ బౌద్ధం ఖాతాలో వేసేస్తారు. అచ్చెరువు (అచ్ఛరియ), పున్నెం (పుఞ్ఞ), సిరి, ఆన, జన్నం, ఇవన్నీ ప్రాకృత రూపాలే. జన్నం అంటే యజ్ఞం, దాన్ని బౌద్ధ పదం అని ఎవరంటారు చెప్పండి.

విన్నాణం దగ్గరికి వస్తే అది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పాళీలో విఞ్ఞాణ అంటే చిత్తం, ఎరుక, పంచస్కంధాల్లో (మనిషి అంటే ఏమిటో చెప్పే అయిదు భాగాల్లో) ఐదోది, ప్రతీత్యసముత్పాదంలో (దుఃఖం ఎలా పుడుతుందో చెప్పే గొలుసులో) మూడో లంకె. బౌద్ధ తత్వంలో అంత బరువైన మాట. పాత తెలుగు కావ్యాల్లో విన్నాణము, విన్ననువు అంటే నేర్పు, చాతుర్యం, సొగసు. ఇంత దూరం ఎలా జరిగింది అని ఆశ్చర్యం వేస్తుంది కానీ దారి ఉంది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో మోక్షానికి సంబంధించిన బుద్ధిని జ్ఞానం అంటారు, శిల్పానికీ శాస్త్రానికీ సంబంధించినదాన్ని విజ్ఞానం అంటారు అని ఉంది. దాన్ని రాసిన అమరసింహుడు బౌద్ధుడని సంప్రదాయం చెబుతుంది. అంటే విజ్ఞానం అన్న మాటకు చేతిపనిలో నేర్పు అన్న అర్థం అప్పటికే ఉంది, తెలుగు దాన్నే పట్టుకుంది. తత్వం మాట తెలుగులోకి వచ్చి అర్థం పోగొట్టుకుంది అనడం సరికాదు, శిల్పుల మాట శిల్పుల అర్థంతోనే వచ్చింది.

నిబ్బరం మీద కూడా ఒక మాట. నిబ్బానం నుంచి నిబ్బరం వచ్చిందని నేనూ ఎక్కడో చదివాను. అది కుదరదు. నిర్వాణ అన్నది నిబ్బాన, నిర్భర అన్నది నిబ్భర. చివరి అక్షరం "ర"యా "న"యా అన్నది చిన్న తేడా కాదు, రెండూ వేరే క్రియామూలాల నుంచి వచ్చినవి. మనసు నిబ్బరంగా ఉండటం నిర్వాణానికి దగ్గరగా తోచవచ్చు, అది మన భావన.

రేవుగట్టు:

ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్ అండి. విధికుడి శాసనం సంగతి నాకు కొత్త. మరి బోడి, పల్లి, కాపు? పాషండుడు, బుద్ధావతారం అన్నవి కూడా అడగాలనుకున్నాను. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఏమీ తెలియనట్టు చూస్తూ కూర్చున్నవాణ్ణి "ఒట్టి బుద్ధావతారం" అనేవారు.

పాటిగడ్డ:

నేను ఖమ్మం నుంచి. నా పేరు చూస్తేనే తెలుస్తుంది, మా దగ్గర పాడుబడ్డ పాత ఊరి జాగాను పాటిగడ్డ అంటరు. ఆ మట్టిని పాటిమన్ను అని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకునేది, బూడిద, ఎముక, పేడ అన్నీ కలిసిన మట్టి కాబట్టి పంటకు బలం. చరిత్ర చదివేవాళ్ళకు దీంట్లో పెద్ద బాధ ఉంది: పాటిమన్ను తోలిన చోటల్లా పాత కుండ పెంకులూ పూసలూ నాణేలూ కూడా పొలాల్లోకి పోయినయి. మీ కోస్తా వైపు పాటిదిబ్బ అంటారు కావచ్చు, అదే మాట.

నేలకొండపల్లి స్తూపాన్ని మా దిక్కు విరాటరాజుతో ముడిపెట్టి చెబుతరు, పాండవులు అజ్ఞాతవాసం చేసింది అక్కడే అని. మీ భట్టిప్రోలు దిబ్బకు విక్రమార్కుడు, మా దిబ్బకు విరాటరాజు, కోనసీమలో ఆదుర్రు స్తూపానికి దుబరాజు, అంటే యువరాజు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, కట్టడం పెద్దది, కట్టిందెవరో గుర్తు లేదు, అట్లాంటప్పుడు జనం తమ కథల్లో ఉన్న రాజుకు ఇచ్చేస్తరు. రాజు తర్వాత ఎక్కువగా కనపడేది ధనం. ధనం ఎందుకంటే, స్తూపం గుండెలో ధాతుపేటిక ఉంటుంది, దాంతో పాటు బంగారు పూలు, ముత్యాలు, పూసలు పెట్టేవాళ్ళు. ఎప్పుడో ఒకరికి దొరికి ఉంటది, ఆ మాట ఊరంతా పాకి ఉంటది. అమరావతిలో 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టించేటప్పుడు దీపాలదిన్నెను తవ్వింది కూడా రాయి కోసం, నిధి కోసం. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ పోయి చూసేసరికే చాలా పాడైంది. ధనం అన్న పేరే ఆ స్తూపాలకు శత్రువైంది అని నాకనిపిస్తది.

ఖమ్మం పేరు గురించి కూడా చెప్పాలె. స్తంభాద్రి అని సంస్కృతంలో రాస్తరు, పాతవాళ్ళు ఖమ్మంమెట్టు అనేది. నాగార్జునకొండ శాసనాల్లో స్తూపం నాలుగు దిక్కులా అయిదేసి చొప్పున నిలబెట్టిన రాతి కంబాలను "ఆయక ఖంభ" అన్నరు, మొత్తం ఇరవై. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, మొదటి బోధన, నిర్వాణం, ఈ అయిదింటికి గుర్తు అవి. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి వేయించిన కంబాల మీద ఈ మాట చదువుకోవచ్చు. ఆ ఖంభ, మన కంబం, మా ఖమ్మం ఒకే మాట. అట్లని ఖమ్మం బౌద్ధ పేరు అని నేను అనను, మా గుట్ట నరసింహస్వామిది. ఒకే ప్రాకృత మాట ఇద్దరికీ పనికొచ్చింది.

బోధన్ గురించి కూడా చాలామంది బోధి అంటరు. కాదు, అది పోదన. పాళీ గ్రంథాల్లో అస్సక రాజ్యం రాజధాని పోతన అని వస్తుంది, అదే ఈ బోధన్ అని ఎక్కువమంది పండితుల మాట. అంటే బోధన్‌కు బౌద్ధ గ్రంథాలతో సంబంధం ఉంది, కానీ ఆ పేరులో బోధి లేదు.

ప్రాకృత పాఠకుడు:

పాటిగడ్డ గారి బోధన్ మాట అక్షరాలా నిజం. ఖంభ మీద చిన్న చేర్పు: స్తంభ అన్నది ప్రాకృతంలో థంభ అవుతుంది, ఖంభ వచ్చింది స్కంభ నుంచి. రెండూ పాత మాటలే, అర్థం ఒకటే, తెలుగు రెండోదాన్ని తీసుకుంది.

రేవుగట్టు గారి మిగిలిన మూడూ గబగబా. బోడి అంటే ఏమీ లేనిది, జుట్టు లేని తల, చెట్టు లేని గుట్ట. ధనంబోడులో బోడు కూడా ఆ బోసి గుట్టే అని నా అభిప్రాయం. బోధిలో ఉన్నది దంత్యం (నాలుక పళ్ళకు తగిలే ధ్వని), బోడిలో ఉన్నది మూర్ధన్యం (నాలుక వెనక్కి మడిచి పలికే ధ్వని), "ధ" పోయి "డ" రావడానికి ఇక్కడ కారణం లేదు. పల్లి ద్రావిడ మాట. తమిళంలో పళ్ళి అంటే జైన బౌద్ధ మఠం అన్న అర్థం నిజంగా ఉంది, అక్కడి నుంచే బడికి పళ్ళిక్కూడం అన్న పేరు వచ్చింది, మలయాళంలో చర్చినీ మసీదునీ పళ్ళి అంటారు. కానీ తెలుగులో పల్లె అంటే చిన్న ఊరే. పక్క భాషలో ఉన్న అర్థాన్ని తెచ్చి మన ఊళ్ళన్నిటికీ అతికించకూడదు. కాపు అన్నది కాచు అన్న క్రియ నుంచి వచ్చిన మాట, పొలం కాచేవాడు. అమరావతి శాసనాల నిండా గహపతులు ఉన్నారు, కానీ ఆ మాట తెలుగులో సంతానం లేకుండా పోయింది. సెట్టి (వర్తకుడు) మాత్రం సేఠి రూపంలో అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

తెనాలి చదువరి:

పాషండుడు గురించి నేను చెబుతాను. ఈ మాట చరిత్ర తెలిసినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. మన పురాణాల తెలుగులో పాషండులు అంటే వేదం ఒప్పుకోనివాళ్ళు, దుర్మార్గులు, తిట్టు మాట. అశోకుడి శాసనాల్లో పాసండ అంటే ఏ తిట్టూ లేదు, మతశాఖ అని అర్థం. పన్నెండో శాసనం మొత్తం దాని గురించే: రాజు అన్ని పాసండలనూ గౌరవిస్తాడు, తన శాఖను పొగుడుకుంటూ ఎదుటివాళ్ళ శాఖను కించపరిచేవాడు తన శాఖకే హాని చేస్తున్నాడు అని. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. అందరి మతాలనూ గౌరవించండి అని చెప్పడానికి వాడిన మాటనే తర్వాతివాళ్ళు తిట్టు చేశారు. దేవానాంపియ అన్నది అశోకుడి బిరుదు, సంస్కృత వ్యాకరణంవాళ్ళు దేవానాంప్రియ అంటే మూర్ఖుడు అని రాసుకున్నారు. బుద్ధావతారం కూడా ఆ వరసలోదే. కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్న బుద్ధుణ్ణి ఎరిగిన జనం ఆ పేరును ఏమీ తోచనివాడికి పెట్టారంటే దాని వెనక ఓడించిన మతం పట్ల చులకన ఉంది. లంజదిబ్బ అన్న పేరు కూడా నాకు అలాగే కనపడుతుంది. భట్టిప్రోలులో ఉంది, గుడివాడలో ఉంది, ఇంకా ఉందంటారు. ఒక్క ఊళ్ళో ఉంటే ఎవరో ఒక మనిషి కథ అనుకోవచ్చు, స్తూపం తర్వాత స్తూపానికి అదే పేరు ఎందుకు పెడతారు? అక్కడ భిక్షుణులు ఉండేవారు, అమరావతిలో దానాలు చేసినవాళ్ళలో భిక్షుణులూ మామూలు ఇల్లాళ్ళూ బోలెడంతమంది. ఇల్లు వదిలి సొంతంగా బతికిన ఆడవాళ్ళ మీద పడిన మాట అది అని నా ఊహ.

ప్రాకృత పాఠకుడు:

మీ కోపం నాకు అర్థమవుతుంది, పాషండ మీద మీరు చెప్పినదానికి నేను మార్చేది ఏమీ లేదు. బుద్ధావతారం దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. ఛాందసుడు అంటే వేదం చదివినవాడు, ఛందస్సు అంటే వేదం. ఆ మాట తెలుగులో చాదస్తం అయింది, అంటే అర్థంలేని పట్టుదల. వేదం ఓడిపోయిన మతం కాదు కదా, అయినా దాని మాటకూ ఇదే గతి పట్టింది. లోకం పట్టని పండితుణ్ణీ, లోకం పట్టని సన్యాసినీ జనం ఒకేలా చూశారు. సన్యాసి అన్నది సన్నాసి అయ్యాక ఎలా వాడుతున్నామో తెలిసిందే. అందుకని ప్రతి చులకన మాట వెనకా మతద్వేషం ఉందని నేను అనలేను, పాషండ వెనక ఉందని గట్టిగా అంటాను.

తెనాలి చదువరి:

చాదస్తం సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒక తేడా ఉంది. ఛాందసుణ్ణి ఎగతాళి చేసిన ఊళ్ళోనే వేదం చదివేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు తమ మాటకు మంచి అర్థం కూడా నిలబెట్టుకున్నారు. బుద్ధుడి తరఫున ఆ మాట అనేవాళ్ళు ఊళ్ళో లేరు. అందుకే బుద్ధావతారానికి రెండో అర్థం మిగల్లేదు.

బడిపంతులు:

ఆలస్యంగా చూశాను, ఒక్క మాట చేర్చాలి. మీరందరూ మరిచిపోయినది మనం అందరం నోటితో పలికినదే. పాత బడుల్లో అక్షరాలు మొదలుపెట్టేది ఓనమాలతో: ఓ న మః శి వా య, ఆ తర్వాత సి ద్ధం న మః. శివుడికి నమస్కారం అయిపోయాక మళ్ళీ ఈ "సిద్ధం నమః" ఏమిటి అని నేను చాలాకాలం ఆలోచించాను. శాతవాహన, ఇక్ష్వాకు శాసనాలు చూడండి, చాలావాటిలో మొదటి మాట "సిధం". అమరావతిలో "సిధం, నమో భగవతో" అని మొదలయ్యేవి ఉన్నాయి. రాత మొదలుపెట్టేముందు కార్యం సిద్ధించాలని రాసే మంగళ వాక్యం అది. బౌద్ధంతో పాటు మన దేశపు లిపి చైనాకీ జపాన్‌కీ పోయినప్పుడు అక్కడ ఆ లిపికి సిద్ధం అన్న పేరే స్థిరపడింది, జపాన్ షింగోన్ శాఖవాళ్ళు ఇప్పటికీ మంత్రాలు ఆ లిపిలో రాస్తారు. మన బడిలో దాని ముందు శివుడు వచ్చి చేరాడు, సిద్ధం మాత్రం కదల్లేదు. జైనుల వల్ల నిలిచిందని చాలామంది పండితులు అంటారు, కావచ్చు, ఇద్దరి బడుల్లోనూ ఉన్న మాట. ఒజ్జ, ఒజ్జబంతి, సిద్ధం నమః మూడూ బడి మాటలే కావడం చూస్తే, రాయడం చదవడం నేర్పిన చోటే ఈ మాటలు ఎక్కువకాలం బతికాయని నాకు అనిపిస్తోంది.

రేవుగట్టు:

నేను అడిగినదానికి ఎన్నో రెట్లు దొరికింది, అందరికీ దండాలు. బడిపంతులు గారి మాట చదివాక ఓనమాలు మళ్ళీ పైకి చదువుకున్నాను. ఇంకొక్క సందేహం. అమరావతి ఫలకం మీద ఉన్న "నాగబు" అన్నదే మొదటి తెలుగు మాట అంటారు కదా, దాన్ని ఈ జాబితాలో చేర్చనా?

ప్రాకృత పాఠకుడు:

చేర్చండి, పక్కన వివాదం ఉందని రాయండి. పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు దాన్ని తెలుగు మాటగా గుర్తించారు, నాగ అన్నదానికి "బు" చేరిన రూపం అని. నా ఇబ్బంది ఏమిటంటే చుట్టూ ఉన్న భాష అంతా ప్రాకృతం, అమరావతిలో నాగబుధు లాంటి పేర్లు ఉన్నాయి, కాబట్టి అది అలాంటి పేరు ముక్క అయ్యే అవకాశం ఉంది. ఆ ఒక్క మాట మీద పెద్ద భవనం కట్టకండి.

గెడ్డదారి:

పంతులు గారి మాటకు ఒకటి కలుపుతాను. విశ్వబ్రాహ్మణుల ఇంటిపేర్లలో చివర "ఓజు" వస్తుంది కదా, తెలంగాణలో మరీ ఎక్కువ. అది కూడా ఈ ఒజ్జ వంశంలోదే అని విన్నాను. పాత శాసనాల్లో రాయి చెక్కిన శిల్పుల పేర్ల చివర ఓజు, ఓజ అని కనపడుతుంది.

పాటిగడ్డ:

అవునండి, మా దిక్కు ప్రతి ఊళ్ళో ఉన్నరు. వడ్రంగి, కంసాలి, శిల్పి, పని ఏదైనా పిల్లలకు పని నేర్పేది ఇంట్లోనే, అందుకని ఇంటిపేరులో ఉపాధ్యాయుడు ఉండటం సరిగ్గా కుదిరింది. రేవుగట్టు గారూ, జాబితా ఒక చోట పెడితే మా జిల్లా పాటిగడ్డల పేర్లు నేను రాసి పంపుత, ఊరి పేరు, దిబ్బ పేరు, అక్కడివాళ్ళు చెప్పే కథ మూడూ వేరువేరు గడుల్లో పెట్టండి, కథనూ పేరునూ కలిపి రాస్తే తర్వాత విడదీయలేము.